వంకర వేలి పట్టు

మా అన్నయ్యకు మనుషుల మొహాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. కనీసం ఆయన అలా చెప్పుకునేవాడు. నేనూ నమ్మాను.

ఆయన కత్తులు చేస్తాడు, నేను వాటికి తోలు ఒరలు కుడతాను. ముందుగదిలో ఆయన సాన, రాళ్ళు కోసే రంపం, నీళ్ళ తొట్టి ఉంటాయి. వెనకగదిలో నా బల్ల, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె, మైనం పూసిన దారపు ఉండలు. మధ్యలో తలుపు లేదు కనుక ఆయన మాట్లాడేదంతా నేను వినాల్సిందే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వదిన పోయాక ఆమె వినాల్సిన వాటా కూడా నాకే వచ్చి పడింది. సాన గోల మొదలైతేనే నా ప్రాణానికి హాయి.

కత్తి కావాలని ఎవరొచ్చినా అన్నయ్య ముందు మైనం ముద్దను వేడినీళ్ళలో మెత్తబరిచి వాళ్ళ చేతిలో పెడతాడు. "కత్తి పట్టుకున్నట్టు పట్టుకోండి" అంటాడు. గుప్పిట అచ్చు పడ్డ ఆ ముద్దను చూసుకుంటూ పిడి చెక్కుతాడు. అందుకే ఆయన కత్తి ఎవరి కోసం చేశాడో వాళ్ళ చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ కుదురుగా నిలవదు. పని పూర్తయ్యేదాకా ఆ ముద్దలన్నీ కిటికీ పక్క అరలో, వచ్చినవాళ్ళకు కనిపించేలా వరసగా ఉంటాయి. వాటిని చూపించి జాతకాలు చెప్పడం ఆయనకో గొప్ప. "ఈయన వంటవాడు, వేలు కత్తి అలుగు మీదికి పోయింది చూడు. ఈయన కొని గోడకి తగిలించుకుంటాడు, పట్టులో పస లేదు" అనేవాడు. సగంసార్లు నిజమయ్యేది. మిగతా సగం ఆయనకు గుర్తుండేది కాదు.

ఆ అరను నేను ఏనాడో పీకి పారేసి ఉండాల్సింది.

ఆ రోజు మైనం ముద్దను ఆయన చేతికిచ్చింది నేనే. "నాకు తెలిసినావిడది. ఇక్కడికి రావడానికి మొహమాటపడింది. మామూలు చెక్క పిడి చాలు, రెండు రోజుల్లో కావాలట" అన్నాను. మొదటి రెండు మాటలూ పచ్చి అబద్ధం. ఆ గుప్పిట ఆయన కన్నకూతురిది.

మా మేనకోడలికి పెళ్ళయి రెండేళ్ళు. మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. మాట మెత్తన, గోళ్ళు శుభ్రం, "మావయ్యగారూ" అనకుండా ఒక్క ముక్క మాట్లాడడు. అల్లుడంటే అన్నయ్యకు మహా ముచ్చట. "ఆ చేతులు చూశావా, ఎంత నిదానమో!" అని మురిసిపోయేవాడు. నిదానమే మరి. పెళ్ళాం చూపుడువేలు వెనక్కి విరిచేటప్పుడు కూడా తొందరపడలేదట. మెట్ల మీద జారిపడ్డానని దాని నోటితోనే అందరికీ చెప్పించాడు. కట్టు విప్పేసరికి వేలు వంకరగా అతుక్కుని ఉంది.

ఇదంతా అది ముందురోజు మధ్యాహ్నం, మేడమీద నా గదిలో కూర్చుని చెప్పింది.

"మీ నాన్నకి చెబుదామే" అన్నాను.

"చెబితే నాన్న వెళ్ళి ఆయన్ని అడుగుతాడు. అడిగేసి ఇంటికొచ్చేస్తాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉండాల్సింది నేను కదత్తా."

"అయితే ఇప్పుడే ఇక్కడికి వచ్చెయ్యి."

"ఇక్కడికా? ఆయన కొట్టు నాలుగు వీధుల అవతలేగా. నేను కనపడని చోటికి పోవాలి."

ఆ చోటు అప్పటికే చూసుకుంది. వేరే ఊళ్ళో బట్టలు కుట్టే కార్ఖానాలో పని, ఆడవాళ్ళ హాస్టల్లో ఒక మంచం. ఒకటో తారీఖున చేరాలి. అప్పటికింకా పదిహేడు రోజులుంది. ఆ పదిహేడు రోజులూ ఒంటిమీద దాచుకోవడానికి కత్తి కావాలంది. నాన్నకు చెప్పనని ఒట్టు వేయించుకుంది.

మైనం ముద్దను చేతిలో పెడితే, బొటనవేలిని పిడి కొస మీదికి మడిచి, అలుగు కిందికి దిగేలా పట్టుకుంది. అది కూరలు తరిగే పట్టు కాదు.

"అలా పట్టుకోమని ఎవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. చెయ్యి అలాగే పోయింది" అంది. లేచి వెళ్ళబోతూ, "ఒరకి బొత్తాం పెట్టకత్తా. తీసేటప్పుడు చప్పుడవుతుంది" అంది.

ఆ ముద్దను అన్నయ్య వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. జాతకం చెబుతాడని ఎదురుచూశాను. చూపుడువేలి గాడిని గోటితో తడిమాడు.

"ఈ వేలు విరిగింది" అన్నాడు చివరికి. "కింద పడి కాదు. పడితే పక్కకి పోతుంది. ఇది వెనక్కి పోయింది. ఎవడో పట్టుకుని విరిచాడమ్మా." కళ్ళు తుడుచుకున్నాడు. "పొడవడానికి పట్టుకున్నట్టు పట్టుకుంది, పాపం. ఈవిడకి చెక్క పెట్టను."

తొమ్మిదేళ్ళుగా ఎవరికీ ఇవ్వకుండా గుడ్డలో చుట్టి దాచుకున్న రాయి ఒకటుంది ఆయన దగ్గర. పులికన్ను రాయి. గోధుమరంగు మీద బంగారు చారలు, తిప్పితే వెలుతురు చారల వెంట జారుతుంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

"రాయంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాను.

"పదిహేను రోజులు."

"ఆవిడకి తొందర అన్నయ్యా. చెక్క చాలంది."

"ఇన్నాళ్ళూ ఓర్చుకుంది, ఇంకో పదిహేను రోజులు ఓర్చుకోమను. జీవితంలో ఒక్క మంచి వస్తువైనా దక్కాలి కదా ఆ తల్లికి."

అప్పుడు చెప్పేయాల్సింది. ఒట్టు గుర్తొచ్చింది, నోరు మూసుకున్నాను. ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నది ఆ ఒక్క పూటకే.

రాయి పని కొలిమి పనిలా కాదు. రంపానికి నీళ్ళు పోస్తూ పిడికి రెండు వైపులా అతికే బిళ్ళలు కోయాలి, తడిసానమీద గోరంత గోరంత అరగదీయాలి, వేడెక్కితే పగులుతుంది. పూటకు పదిసార్లు సాన ఆపి రాతిని మైనంతో పోల్చుకునేవాడు. చూపుడువేలి దగ్గరకొచ్చేసరికి మరీ నెమ్మదించాడు. ఆ వంకర అచ్చంగా రాతిలోకి రావడానికే నాలుగు రోజులు పట్టింది. అరగదీస్తూ, ఆ విరిచినవాడెవడో వాడి చేతులు పడిపోవాలని తిట్టేవాడు. నేను వెనకగదిలో పళ్ళు బిగించుకుని తారీఖులు లెక్కపెట్టుకునేదాన్ని.

మధ్యలో మేనకోడలు రెండుసార్లు వచ్చింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి సంచి కింద దాచుకుని, తండ్రి ఎదురుగా కూర్చుంది. ఆయన ఆ తెలియని ఆడమనిషి వేలి గురించి దానికి పూసగుచ్చినట్టు చెప్పాడు. అది "అయ్యో" అంది. ఊళ్ళో వాళ్ళ గుప్పిళ్ళన్నీ చదివే మనిషి, కూతురి చెయ్యి చూసి ఎన్నాళ్ళయిందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏ మొహం పెట్టుకుని తిడతాను?

పన్నెండో రోజు, మంగళవారం, తోలు కొనుక్కురావడానికి వెళ్ళాను. ఒరకు పల్చటి తోలు కావాలి, ఒంటికి ఆనుకున్నా తెలియకూడదు. తిరిగొచ్చేసరికి అన్నయ్య హుషారుగా ఉన్నాడు.

"గంట క్రితం అల్లుడొచ్చాడు. చిన్న స్క్రూడ్రైవర్ల మొనలు సాన పట్టించుకోవడానికి. ఏం తెలివమ్మా అతనిది! అరలో ఇన్ని ముద్దలుంటే సరిగ్గా మన వంకర వేలినే తీశాడు."

"తీసి?"

"అరచేతిలో పెట్టుకున్నాడు. ఆ వంకర గాడిలో తన వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఎవరిది మావయ్యగారూ అన్నాడు. మా చెల్లికి తెలిసినావిడది, మొగుడికి భయపడి దాచుకోవడానికి చేయించుకుంటోందేమో అన్నాను. ఎప్పటికవుతుందన్నాడు. శుక్రవారం అన్నాను. మంచి పని చేస్తున్నారు మావయ్యగారూ, అని మరీ వెళ్ళాడు."

తోలు చుట్ట కింద పడేసి ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"అది నీ కూతురి చెయ్యి, అన్నయ్యా."

నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. అరలోంచి ముద్ద తీసి, చంటిపిల్ల చేతిని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. సాన తిరుగుతూనే ఉంది, ఆపడానికి ఇద్దరికీ తోచలేదు. చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తాడు, వెనకాల నేను.

గడియారాల కొట్టు మూసి ఉంది. పట్టపగలు ఆ కొట్టు మూయడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటి తలుపు అల్లుడే తీశాడు. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి. "రండి మావయ్యగారూ, ఇప్పుడే అనుకుంటున్నాం మిమ్మల్ని" అన్నాడు. లోపల గోడనిండా గడియారాలు, అన్నీ ఒకటే సమయం చూపిస్తున్నాయి.

"చెయ్యి తలుపు సందులో పడింది. కంగారు పడకండి, నేనే కట్టు కట్టాను."

పిల్ల మంచం అంచున కూర్చుని ఉంది. కుడిచేతికి మణికట్టు నుంచి వేళ్ళ కొసలదాకా తెల్లటి గుడ్డ. మడతలన్నీ ఒకే కొలత, ముడి కూడా ముచ్చటగా వేశాడు. అది ఏడవడం లేదు. మా వైపు చూసి, మళ్ళీ నేలకేసి చూసింది.

అన్నయ్య నోరు తెరిచాడు. జన్మలో మొదటిసారి ఆయనకు మాట రాలేదు. మోచెయ్యి కింద చెయ్యి వేసి దాన్ని లేవదీశాడు.

అల్లుడు అడ్డం రాలేదు. గుమ్మం దగ్గర పక్కకు తప్పుకుని దారిచ్చాడు. "తీసుకెళ్ళండి, మూడు రోజులు ఉండనివ్వండి. శుక్రవారం నేనే వచ్చి తీసుకొచ్చుకుంటాను. కత్తి కూడా అప్పటికి అయిపోతుందన్నారుగా" అన్నాడు.

మూడు వేళ్ళు విరిగాయన్నాడు డాక్టరు. అతుక్కుంటాయట, మునుపటిలా మూసుకోవట. పోలీసులు రాసుకున్నారు, తలుపు సందులో పడిన చేతికి సాక్షి ఎవరని అడిగి పంపించేశారు. కార్ఖానా వాళ్ళు కట్టు విప్పాక రమ్మన్నారు. ఒకటో తారీఖున హాస్టల్లో ఆ మంచం ఇంకెవరికో ఇచ్చేస్తారు.

బుధవారం పొద్దున్న ముగ్గురం ముందుగదిలో కూర్చున్నాం. బల్ల మీద కత్తి ఉంది. పిడి దాదాపు అయిపోయింది, మెరుగు పెట్టడమే తరువాయి. అంత అందమైన వస్తువు ఆయన చేతిలోంచి ఎప్పుడూ రాలేదు. ఇక ఈ భూమ్మీద ఏ చేతికీ అది సరిపోదు. అన్నయ్య సుత్తి తీసి దాని మీదికి ఎత్తాడు.

"వద్దు నాన్నా" అంది కూతురు. "మైనం వేడి చెయ్యి."

"ఎందుకమ్మా?"

"ఎడమచెయ్యి ఉందిగా."

ఆయన నీళ్ళు కాచాడు. మైనం ముద్ద దాని అరచేతిలో పెట్టి, తన రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని చూశాడు. మణికట్టు మీద పాత మచ్చలున్నాయి. ఒక్కొక్కటే వేలు పెట్టి తడిమాడు, బావురుమన్నాడు. అది మాత్రం బొటనవేలిని కొస మీదికి మడిచి, గట్టిగా బిగించింది.

ఆయన అలవాటుగా రాళ్ళ పెట్టె వైపు చూశాడు.

"చెక్క చాలు నాన్నా" అంది. "రెండు రోజుల్లో కావాలి."

అన్నయ్య రంపం అందుకుని చెక్క కోయడం మొదలుపెట్టాడు. నేను వెనకగదిలోకి వెళ్ళి తోలును నీళ్ళలో నానేశాను.