అక్క పెళ్ళికి ఉడకేసిన గొంగడి

పెళ్ళిళ్ళు ఆగిపోవడానికి కారణాలు మీరు చాలా విని ఉంటారు. వాన అడ్డొస్తుంది, మూఢం అడ్డొస్తుంది, అలిగిన మేనమామ అడ్డొస్తాడు. బట్టలుతికి పెళ్ళి ఆపబోయిన మనిషిని మాత్రం చూసి ఉండరు. చూడండి, ఇదిగో నేనే. అదీ ఎవరిదో పెళ్ళి కాదు, నా సొంత అక్కది. ఇప్పుడంటే నల్గొండలో నాలుగు మిషన్లు పెట్టుకుని, జాకెట్లు కుడుతూ, వచ్చినవాళ్ళకు బట్ట గురించి పాఠాలు చెబుతూ మర్యాదగా బతుకుతున్నాను గానీ, నా చదువును మొదటిసారి వాడిన రోజున మా ఇంటిల్లిపాదీ తలలు పట్టుకున్నారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా బడిలో రెండు కొత్త కోర్సులు పెట్టారు. ఒకటి కంప్యూటర్లు, ఇంకొకటి బట్టల తయారీ, డిజైను. పిల్లలందరూ కంప్యూటర్ల గదివైపు ఉరికారు. నేనూ ఉరికాను. చెప్పు తెగి వెనకబడేసరికి అక్కడ జాగా అయిపోయింది. అట్లా నేను వస్త్ర శాస్త్రంలో అడుగుపెట్టాను. కావాలంటే మీరు దాన్ని పడిపోవడం అనుకోండి.

పడ్డాను గానీ, పడ్డచోట నాకు తెగ నచ్చింది. మా సునీత మేడం గుడ్డపీలిక చేతిలో పట్టుకుంటే చాలు, అది ఎక్కడ పుట్టిందో, ఎట్లా పెరిగిందో దాని జాతకమంతా చెప్పేది. దారం కాల్చి వాసన చూస్తే అది నూలో, పట్టో, పాలిస్టరో తెలిసిపోతుందని ఆమె చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో అగ్గిపెట్టె దాచుకోవలసి వచ్చింది. నాయిన తువ్వాల కొస కాల్చాను. కిటికీ తెర కొస కాల్చాను. చివరికి అమ్మ పట్టుచీర కొంగు నుంచి ఒక పోగు లాగి కాల్చి, ముక్కు దగ్గర పెట్టుకుని తీర్పు చెప్పాను.

"అమ్మా, ఇది పట్టు కాదే. పాలిస్టర్."

అమ్మ నన్ను చూడలేదు. నాయినను చూసింది. పదిహేనేళ్ళు నమ్మి కట్టుకున్న చీర మరి. నాయిన ఆ రోజు గొర్లకు మేత తక్కువైందని చెప్పి తొందరగా బయటకు పోయాడు.

"నీ సదువుకు దండం బిడ్డా. ఇగ మా బట్టల జోలికి రాకు" అంది అమ్మ. నేను వింటే ఈ కథే లేదు.

మాది హాలియా దగ్గరి పల్లె. గొర్లు కాచే ఇల్లు. మాలో పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునూ కొత్త గొంగడి మీద కూర్చోబెట్టి లగ్గం చేస్తారు. ఆ గొంగడి పిల్ల తరఫువాళ్ళు తేవాలి, సొంత గొర్ల ఉన్నితో నేసినదై ఉండాలి. అక్క పెళ్ళి కుదరగానే మా తాత మందలో నల్లటి గొర్లను ఏరి ఉన్ని కత్తిరించాడు. అవ్వ మూడు నెలలు కూర్చుని వడికింది. మా దిక్కు మగ్గాలు లేవని తాత ఆ దారం మూట భుజాన వేసుకుని, బస్సులు మారి, మహబూబ్‌నగర్ అవతల తనకు తెలిసిన నేతమనిషి దగ్గర వారం రోజులు ఉండి గొంగడి నేయించుకొచ్చాడు.

అక్కకు కుదిరింది కూడా ఆ మహబూబ్‌నగర్ దిక్కు సంబంధమే. పిల్లగాడు మంచివాడు, అత్తమామలు మంచివాళ్ళు. పేచీ అంతా పిల్లగాడి తాత బీరయ్యతో. ఆ పెద్దమనిషికి ఒకటే పట్టింపు. ప్రదానం నాడు తాంబూలాలు మార్చుకోగానే అందరి ముందూ చెప్పిపోయాడు.

"మాకు ఏం పెట్టుడు వద్దు బావా. గొంగడి ఒక్కటి సక్కగుండాలె. పీటల మీద పరిచే ముందు నేను చెంబెడు నీళ్ళు పోసి చూస్త. కిందికి చుక్క దిగిందా, నేను లేస్త."

ఉత్త మాట కాదు. అంతకుముందు ఒక మనుమడి పెళ్ళిలో నిజంగానే లేచాడట. ఆయన లేస్తే ఆయన వెనక ఆ ఊరు ఊరంతా లేచిందట. అప్పటి నుంచి మా అక్కకు కలలో చెంబు కనబడేది.

పెళ్ళి రేపనగా, పొద్దున పదింటికి, మగవాళ్ళు పందిరి కట్టే పనిలో ఉన్నారు. ఆడవాళ్ళు అక్కకు నలుగు పెట్టే పనిలో ఉన్నారు. నేను పెట్టె తెరిచి గొంగడి విప్పాను. అట్టముక్కలాగా బిరుసుగా ఉంది. గొర్రె వాసన, దాంతోపాటు చింతగింజల అంబలి వాసన. నేసే ముందు పడుగు దారాలకు ఆ అంబలి పూస్తారు. నా లోపల ఉన్న శాస్త్రవేత్త లేచి కూర్చుంది. పట్నం నుంచి బావ స్నేహితులు వస్తారు కదా, ఈ వాసనకు మూతి తిప్పుకుంటే అక్క పరువేం కావాలి? బట్టకు గంజి తీసి మెత్తబరిచే పద్ధతి పుస్తకంలో ఉండనే ఉంది. నాకు నోటికి వచ్చు కూడా. మసిలే నీళ్ళలో సబ్బు పొడి వేయాలి, బట్ట ముంచాలి, బాగా కలపాలి, ఉతకాలి. ఆ పద్ధతి నూలు బట్టకు రాసినదన్న చిన్న ముక్క నాకప్పుడు గుర్తు రాలేదు.

దొడ్లో అక్క స్నానం కోసం కాగు నిండా నీళ్ళు కాగుతున్నాయి. గొంగడి తీసుకుపోయి అందులో వేశాను. సబ్బు పొడి రెండు గుప్పిళ్ళు వేశాను. తెడ్డుతో అరగంట కలిపాను. నీళ్ళు తాగే చాయ రంగుకు తిరిగాయి. మురికి పోతోందని పొంగిపోయాను. తరువాత బండమీద వేసి, లంగా పైకి దోపుకుని, కాళ్ళతో తొక్కి తొక్కి ఉతికాను. నన్ను చూస్తే మా సునీత మేడం కళ్ళు చెమర్చేవి. అది వేరే కారణంతో అని తరువాత తెలిసింది.

దండెం మీద వేద్దామని ఎత్తితే గొంగడి తేలిగ్గా లేచింది. మరీ తేలిగ్గా లేచింది. ఇటు కొస పట్టుకుని అటు కొస వెతుక్కుంటే, అది నా చేతికి ఎదురుగానే ఉంది. కొలత టేపు తెచ్చి కొలిచాను. పొద్దున ఆరు మూరలున్న గొంగడి మూడు మూరలకు వచ్చింది. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయని మేడం చెప్పింది కదా, టేపుదే తప్పనుకుని ఇంకోసారి కొలిచాను. మూడోసారి మూరలేసి కొలిచాను. నా చెయ్యి మాత్రం సాగలేదు.

అమ్మ ఫోను పట్టుకుని గొర్లదొడ్డి వెనక్కి పరిగెత్తి మేడంకు చేశాను.

"మేడం, ఊరికే ఒక డౌటు. ఉన్ని బట్ట వేడినీళ్ళల్ల వేస్తే ఏమైతది?"

"ఎంత వేడి?"

"బియ్యం ఉడికేంత."

"వేసి ఊరుకున్నరా, కలిపిన్రా?"

"తెడ్డుతోని కలిపి, కాళ్ళతోని తొక్కిన్రు మేడం."

 మేడం నెమ్మదిగా అడిగింది. "ఉన్ని పాఠం చెప్పిననాడు నువ్వు బడికి రాలే కదా లావణ్యా?"

రాలేదు. ఆ రోజే అక్క ప్రదానం. బీరయ్య తాత చెంబు సంగతి చెబుతున్న సమయానికి, మా బడిలో మేడం ఉన్నిని మసిలే నీళ్ళలో వేయకూడదని చెబుతూ ఉందన్నమాట.

"ఉన్ని పోగులు వేడికి ఒకదాన్నొకటి పట్టుకుని దగ్గరవడతయి. మళ్ళ ఇడువవు. ఎవరిదమ్మా ఆ బట్ట?"

"ఎవరిదో మేడం."

"తడి ఆరకముందే ఇద్దరు పట్టుకొని మెల్లగ గుంజమను ఆ ఎవరినో. వచ్చినంత వస్తది."

రెండో మనిషి ఎవరు? అమ్మకు చెబితే నా పెళ్ళి కూడా అప్పుడే చేసి పంపించేస్తుంది. మిగిలింది అక్క. ఒళ్ళంతా పసుపుతో, గడప దాటకూడని పెళ్ళికూతురు దొంగలాగా దొడ్లోకి వచ్చి, గొంగడిని చూసి, నన్ను చూసి, మళ్ళీ గొంగడిని చూసింది.

"మిగతాది ఏడున్నదే?"

"ఇంతే అక్కా. ఇదే మొత్తం."

అక్క ఏడవలేదు. ఏడ్చే టైం కూడా లేదు. ఆ కొస ఆమె, ఈ కొస నేను, కాళ్ళు తన్నిపెట్టి గుంజాం. జానెడు వచ్చింది. జానెడుతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. అక్క పట్టుకున్నచోట నల్లటి గొంగడి మీద రెండు పచ్చటి అరచేతుల ముద్రలు పడ్డాయి.

"ఏం గుంజుతున్నరే పోరగాండ్లు?" అంటూ అవ్వ వచ్చింది. గొంగడిని చేత్తో తడిమింది. వేలితో గీకింది. "అంబలంత ఏమైంది?"

"తీసేసిన అవ్వా. మెత్తగ కావాలని."

"ఓ నీ ఇల్లు సల్లగుండ! నీళ్ళు ఆపేదే గా అంబలి గదనే!"

పొట్టిదైందన్న బాధ ఒక్కటే అనుకున్నాను. ఇప్పుడు కారుతుంది కూడా. నా కళ్ళ ముందు చెంబు కనబడింది, దాని వెనక లేచిపోతున్న ఊరు కనబడింది. అవ్వ పిలిస్తే తాత వచ్చాడు. ఆయన తిడతాడని నేను తల వంచుకుని నిలబడ్డాను. తాత తిట్టలేదు. గొంగడి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గొర్రె వాసన పోయింది బిడ్డా" అన్నాడు, అంతే.

ఆ మాటకు నాకు ఎక్కడలేని ఏడుపు వచ్చింది. దారం మూట భుజాన వేసుకుని బస్సులు మారిన మనిషి. నాలుగు తగిలించి ఉంటే నాకు హాయిగా ఉండేది. వేరే గొంగడి తేవడానికి వేళ లేదు. ఇంట్లో ఉన్న తాత సొంత గొంగడి పదేళ్ళ పాతది, చిల్లులది. తాత తడి గొంగడిని నీడలో ఆరేసి, "ఉన్నదే పరుద్దాం. ఎవలకు చెప్పకున్రి" అని పందిరి పనిలోకి పోయాడు.

మరునాడు పందిరి కింద జనం నిండారు. నేను స్తంభం చాటున నిలబడ్డాను. బీరయ్య తాత తెల్లటి ధోవతి కట్టుకుని, నిజంగానే ఇత్తడి చెంబు పట్టుకుని వచ్చాడు. నలుగురు మనుషులు గొంగడి నాలుగు మూలలూ పట్టుకున్నారు. మధ్యలో ఉయ్యాలలాగా గుంట పడింది. ఆయన చెంబెడు నీళ్ళూ అందులో వంచి, కింద అరచెయ్యి చాపి పెట్టాడు. డప్పులవాళ్ళు కూడా ఆపేశారు. అక్క తల దించుకుని ఉంది. నాకు తెలిసిన దేవుళ్ళు తక్కువ కాబట్టి నేను మొక్కినవాళ్ళకే మళ్ళీ మళ్ళీ మొక్కాను.

బీరయ్య తాత చెయ్యి బయటకు తీశాడు. తిప్పి చూసుకున్నాడు. పొడిగా ఉంది.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పొడిగానే ఉంది. పొట్టిదై పొట్టిదై ఆ గొంగడి ఎంత మందంగా, ఎంత దగ్గరగా పట్టుకుందంటే, పోసిన నీళ్ళన్నీ తానే తాగి కూర్చుంది. చుక్క కూడా కిందికి వదలలేదు. నాకు ఒక్కసారిగా ఊపిరి వచ్చింది. 

"శెభాష్! ఇన్నేండ్ల నా ఉమర్ల ఇసొంటి నేత సూడలే" అన్నాడు ఆయన. తరువాత కళ్ళు చిట్లించాడు. "గని బావా, జర పొట్టిగ నేయించినవేంది?"

వచ్చిన ఊపిరి మళ్ళీ పోయింది. మా తాత తువ్వాల సవరించుకున్నాడు.

"పిల్లా పిలగాడు దగ్గర దగ్గర కూసోవాలని నేయించిన బావా. పొడుగు గొంగడైతే ఇప్పటి పోరగాండ్లు ఈ కొసకు ఒకలు, ఆ కొసకు ఒకలు కూసోని ఫోన్లు సూసుకుంటరు."

పందిరంతా నవ్వింది. బీరయ్య తాత అందరికంటే గట్టిగా నవ్వాడు. "మరి గీ పసుపు చేతులేంది?"

"పిల్ల చెయ్యి వేసి ఇచ్చింది. మా ఆడపిల్ల గుర్తు" అన్నాడు తాత, చెంబు అటు పక్కకు జరుపుతూ. మా ఇంట్లో అంత తొందరగా అబద్ధం ఆడగల మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియదు. నాయినకైతే అసూయ వేసింది. ఈ తెలివిలో పదో వంతు ఉన్నా పట్టుచీర విషయంలో గట్టెక్కేవాడు.

అక్క, బావ ఆ పొట్టి గొంగడి మీద భుజం భుజం తగిలేటట్టు ఇరుక్కుని కూర్చున్నారు. తలంబ్రాలు పోసుకోవడానికి చెయ్యి లేపితే మోచేతులు కొట్టుకున్నాయి. ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. పెళ్ళయ్యాక బీరయ్య తాత మా తాత పక్కన కూర్చుని, భోజనం మధ్యలో చెవిలో అన్నాడు. "బావా, నాకు ఇంకా ముగ్గురు మనుమలున్నరు. ఎవలు నేసిండ్రో జర పేరు చెప్పు. గిట్లాంటియే మూడు కావాలె."

తాత అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, వడ్డిస్తున్న నా వైపు చూశాడు.

"నేసినోని పేరు చెప్త బావా. గని గింత దగ్గర పట్టించుడు ఆనికి రాదు. గది మా లావణ్యకే వస్తది. బడిల సదివింది."

సాంబారు గరిటె నా చేతిలోంచి జారి బీరయ్య తాత విస్తట్లోనే పడింది.

ఆ రోజే ప్రమాణం చేశాను, ఇప్పుడు మీ ముందు మళ్ళీ చేస్తున్నాను. ప్రాణం ఉన్నంతవరకు ఉన్నిని వేడినీళ్ళలో వేయను. చలికాలంలో స్వెటరు వేసుకుని వేడి చాయ కూడా తాగను. ఎవరి ప్రదానమైనా, చివరికి నాదైనా సరే, పాఠం ఎగ్గొట్టి పోను. ఈ ప్రమాణాన్ని మా ఇంట్లో అందరూ నమ్మారు, ఒక్క తాత తప్ప. ఇప్పటికీ నేను నల్గొండ నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడు వినగానే ఆయన లేచి, చిలక్కొయ్యకు ఉన్న తన పాత గొంగడి తీసి భుజాన వేసుకుంటాడు. నేను తిరిగి బస్సెక్కేదాకా దించడు, నడి ఎండాకాలమైనా సరే.