కాఫీపొడి రంగు బో టై

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలో ఉన్న మనుషులు ముగ్గురు: నేను, మా నాయన, మా మేనమామ. ఉన్న వస్తువులు: టీ గ్లాసులు మూడు, నా పెళ్లి శుభలేఖల కట్ట ఒకటి, మామ మెడలో ఆయన పార్టీ కండువా ఒకటి, కవరు కూడా విప్పని అలాంటిదే కొత్తది ఆయన ఒడిలో ఇంకొకటి.

"పెండ్లినాడు చర్చి మెట్ల మీద ఇది నీ మెడలో ఏస్తా," అన్నాడు మామ. "ఫోటో తీపిస్తా. నువ్వు ఎవరి అల్లుడివో మండలమంతా చూడాల."

మామ వీరపునాయునిపల్లె వైపు ఒక పార్టీకి పెద్ద. నాకు పిల్లనిచ్చే ఆయన సింహాద్రిపురం వైపు అవతలి పార్టీకి పెద్ద. రంగులు రాయను. ఆ రోజుల్లో మా జిల్లాలో మనిషి మొహం కంటే ముందు మెడ చూసేవాళ్లు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, పక్కవాడి మెడ చూసిగాని కూర్చునేవాళ్లు కాదు. కండువా కప్పించుకోవడం మా దగ్గర మర్యాద కిందికి రాదు, ఆ పార్టీలో చేరడం కిందికి వస్తుంది. అది ఫోటోలో పడిందంటే సంతకం చేసినట్టే.

సాయంత్రం పెళ్లికూతురు ఫోన్ చేసింది. పాలిటెక్నిక్‌లో నా క్లాస్‌మేటే.

"మా నాయన కూడా నీకోసం కొత్త కండువా కొన్యాడు," అంది. "మీ మామది పడితే మా నాయన జీపెక్కి ఎల్లిపోతాడు. మా నాయనది పడితే మీ మామ ఎక్కుతాడు. నేనైతే ఎట్లన్నా వస్తా. మా అమ్మను మాత్రం రానీయరు. అమ్మ లేకుండా నాకు పెండ్లేందప్పా?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు భయమేసింది. పెళ్లికి పందొమ్మిది రోజులున్నాయి. నోట్‌బుక్ తీసి మార్గాలు రాశాను. ఒకటి, రెండు కండువాలూ వద్దనడం: ఇద్దరికీ అవమానం. రెండు, రెండూ కప్పించుకోవడం: ఏది పైన, ఏది కింద? మూడు, మెడ ముందే నిండి ఉండటం. మూడోదాని కింద గీత గీశాను.

టై కట్టుకుంటే చాలదు. మా ఇంట్లో టైల చరిత్ర నాకు తెలుసు. నాయనది అరచేయంత వెడల్పు టై. ఆయన పెళ్లినాడు తాత వేసిన ముడి ఆయన ఎన్నడూ విప్పలేదు, వదులు చేసి మేకుకు తగిలించేవాడు, మళ్లీ తలలోంచి దూర్చుకుని మిషన్ స్కూలుకు పాఠం చెప్పడానికి పోయేవాడు. తర్వాత సన్న టైలు వచ్చాయి. నా ఇంటర్వ్యూ టైకి ముడి దుకాణంలోనే వేసి, వెనక జిప్పు పెట్టారు. కాన్వెంటు పిల్లలకైతే ఎలాస్టిక్. ఇవన్నీ రొమ్ము మీద వేలాడేవే. వేలాడే టై మీద కండువా హాయిగా పడుకుంటుంది.

నా లెక్క విని నాయన లేచి, ట్రంకుపెట్టె అడుగు నుంచి నల్ల బో టై ఒకటి తీశాడు. జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి కాంపౌండరుగా చేసిన మా తాతది.

"దొరల ఫ్యాషననుకునేవాళ్లు అందరూ," అన్నాడు నాయన. "అది కాదు. గాయం మీద వంగినప్పుడు పొడుగు టై అయితే పుండులో పడుతుంది. ఇది పడదు. కొట్లాటల్లో పగిలిన తలలకు, ఇటువైపువీ అటువైపువీ, ఇది కట్టుకునే కుట్లేసేవాడు."

దాన్ని విప్పి గ్రాఫ్ కాగితం మీద పరిచి, కొలతలు తీసుకున్నాను. మరుసటి రోజు బజారులో మాకు అలవాటైన టైలర్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇది మెడకా, కోడెదూడకా?"

"మెడకే భాయ్. ఏ జెండాలోనూ లేని రంగు కావాల."

భాయ్ తానులు ఒక్కొక్కటే లాగాడు. పసుపు వద్దన్నాను. పచ్చ వద్దన్నాను. నీలం, ఎరుపు, తెలుపు, కాషాయం వద్దన్నాను.

"దేవుడు చేసిన రంగులన్నీ మీవోళ్లు పంచుకున్న్యారు గదప్పా!" అని నవ్వి, అడుగున ప్యాంటు గుడ్డ ముక్క లాగాడు. కాఫీపొడి రంగు. ఆ రంగు జెండా నాకు గుర్తులేదు, ఆయనకూ గుర్తులేదు.

నాకొకటి, చేత్తో ముడివేసేది. ఎలాస్టిక్‌వి ఇంకో ఇరవై. అవెందుకని భాయ్ అడిగాడు. పెద్ద ఏం తొడిగితే వెనక మనుషులు అదే తొడుగుతారు. ఒక్కో పెద్ద వెంట తొమ్మిది మంది వస్తారని రెండు వైపులనుంచీ ముందే కబురు అందింది. పదీ పదీ ఇరవై. ఒకరికి ఒక్కటి తగ్గినా నా పెళ్లి ఆగిపోతుంది.

ముడి నేర్చుకోవడానికి అద్దం ముందు చాలా తంటాలు పడ్డాను. పదిహేడోసారికి నిలిచింది.

పెళ్లి జమ్మలమడుగులో పెట్టుకున్నాం. అది ఇద్దరిదీ కాని ఊరు. పొద్దున పదికి జీపులు ఆగాయి, కుడివైపు వాళ్లవి, ఎడమవైపు వీళ్లవి. పెళ్లికూతురు దిగి మెట్ల కింద నిలబడింది, ఆమె తల్లి ఇంకా జీపులోంచి దిగలేదు. భర్త ముఖం చూస్తూ కూర్చుంది. నేను పైమెట్టు మీద నిలబడ్డాను. మామ రెండు చేతులా కొత్త కండువా పరిచి పట్టుకుని ఎక్కుతున్నాడు. పిల్లనిచ్చే మామగారూ తన కండువాతో ఎక్కుతున్నాడు. ఇద్దరూ ఒకే మెట్టు మీదికి వచ్చారు.

"వంచరా మెడ," అన్నాడు మామ. అంతలోనే ఆగాడు. "ఏందిరా ఇది, గొంతు మీద సీతాకోకచిలుక వాలినట్టు?"

"బో టై మామా."

"తీసేయ్. కండువా యాడ ఏయాల?"

"తీయడు బావా," అన్నాడు నా పక్కనున్న నాయన. తన కాలరు కింద ఉన్న తాత నల్ల బో టైని వేలితో చూపించాడు. "మా ఇంట్లో ఇది కట్టుకున్న మెడలో ఇంకో గుడ్డ పడేది లేదు. మా నాయన రెండు వైపులోళ్లకూ కుట్లేసింది ఇది కట్టుకునే."

మామగారు నాయన మెడ వైపు ఒంగి చూశాడు. ఆయన కుడి కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది. దాన్ని తడుముకున్నాడు.

"ఆ కాంపౌండరు మీ నాయనా? ఈ కుట్లు ఆయన ఏసినవే. ఏడిస్తే తంతానన్యాడు." చేతిలో కండువాను నిదానంగా మడత పెట్టాడు. "ఆ మెడ మీద నేను గుడ్డ ఎయ్యను."

మామ ఒక్కడే కండువా పట్టుకుని మిగిలాడు. ఎదుటివాడు పెద్దమనిషయిపోతుంటే ఊరుకునే మనిషి కాదు. తన చేతిలోది మాత్రమే కాదు, మెడలోది కూడా తీసేశాడు.

"నాకూ ఒకటి కట్టురా."

"ఆయనకిచ్చి నాకియ్యవా అల్లుడూ?" అన్నాడు మామగారు, తన మెడలోదీ లాగేస్తూ.

బో టైల సంచితో నా వెనకే నిలబడ్డ టైలర్ భాయ్ దాన్ని విప్పాడు. రెండు వైపులా మనుషులు మెట్లెక్కారు. "వాళ్లకెన్ని?" అని ఇటువాడు, "ముందు మాకు లెక్కెయ్," అని అటువాడు. నేను గట్టిగా ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చాను. మీసాల కింద బో టైలు చూసుకుని ఒకణ్ణొకడు ఎగతాళి చేసుకున్నారు.

"రేయ్, హోటల్ సర్వరు మాదిరి ఉండావు!"

"నువ్వు శానా బాగుండావులే, బ్యాండుమేళపోడా!"

మామగారు జీపు దగ్గరికి పోయి తనే తలుపు తీశాడు. పెళ్లికూతురు తల్లి దిగి, కూతురి చేయి పట్టుకుని మెట్లెక్కింది. లోపల పాట మొదలైంది.

పెళ్లయ్యాక అదే మెట్ల మీద రెండు వైపుల మగవాళ్లనూ మమ్మల్నీ నిలబెట్టి ఫోటో తీశారు. అది ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. అందులో మెడలు ఇరవై మూడు. బో టైలు ఇరవై రెండు. భాయ్ మెడలో కొలతల టేపు ఒకటి. కండువాలు సున్నా.