తొక్కి చూడని నేల

ఏడేళ్లు ఒక్క మాట మోశాను. చిన్న మాటే. "ఆయ్." మా గోదావరి వాళ్లం అవునండీ అనడానికి అనే మాట. రోజుకు వందసార్లు అంటాం, ఒక్కటీ గుర్తుండదు. ఆ ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు. దానివల్ల ఒక మనిషి ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది లెండి. కానీ ఆ మనిషి చేతుల్లో ఒక గొప్ప విద్య ఉండేది. ఆ విద్య మీద ఆమెకే అనుమానం పుట్టింది. అది అతుక్కోలేదు. ఈ సంగతి మొదలు నుంచి చివరి దాకా నేను ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు గనకనే చెప్పగలను.

ఆమె పేరు నూకరత్నం అనుకోండి. హైస్కూల్లో పీఈటీ టీచరు. మేమంతా మేడం అంటాం. నాది రాజమండ్రిలో మోటారు పంపుల షాపు. పుట్టింది వ్యవసాయం ఇంట్లో, మా పొలాలు గోదావరి మధ్య లంకలో ఉన్నాయి. నలభై దాటాక డాక్టరు గారు షుగరు వచ్చిందని చెప్పి నడవమన్నారు. ఊళ్లో అందరూ చూస్తుండగా నడవడం నామోషీ అనిపించి గేర్ల సైకిలు కొన్నాను. మామూలుది కాదు, కొండల్లో తొక్కేది. లావు టైర్లు, ముందు షాకబ్జార్లు. మా ఇంటావిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "కొండెక్కడుందండీ మనకి?" అంది. నిజమే. కాలవ, గట్టు, చేను, మళ్లీ కాలవ. కోరుకొండ దాకా వెళితే తప్ప ఎత్తనేది కంటికి కనబడదు.

ఎత్తు లేకపోతేనేం, ఏటిగట్టు ఉంది. ఆదివారం పొద్దున్నే ముగ్గురం దాని మీద తొక్కేవాళ్లం. నేను, కొబ్బరికాయల వ్యాపారం చేసే శ్రీను, నూకరత్నం మేడం. వరదలకు ఆ గట్టు పక్కలు అక్కడక్కడ కోసుకుపోయి నిలువుగా తెగి ఉంటాయి. కొన్నిచోట్ల మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు. నేనూ శ్రీనూ అక్కడ బుద్ధిగా దిగి, సైకిలు భుజాన వేసుకుని పక్క దారిన కిందకు నడిచేవాళ్లం. మేడం దిగేవారు కాదు. తొక్కుకుంటూ వచ్చి, అంచు దాటి, గాల్లోంచి కింద నేల మీదకు వచ్చి, ఏమీ జరగనట్టు తొక్కుకుంటూ పోయేవారు. దీన్ని డ్రాప్ అంటారని నాకు తర్వాత తెలిసింది. మొదటిసారి చూసినప్పుడు నోట్లోంచి "ఓరి నాయనో" తప్ప ఇంకో మాట రాలేదు.

ఆమె దిగడం మీరు చూడాల్సింది. నాకు చెప్పడం చేతకాదు, అయినా చెబుతాను. అంచు దగ్గర అందరూ చేసే పని బ్రేకు పట్టుకోవడం. ఆమె పట్టేవారు కాదు. కిందకు చూసేవారు కాదు. సైకిలు కిందకు జారుతుంటే మోకాళ్లూ మోచేతులూ అలా వదులుగా చాచి, దాన్ని పోనిచ్చేవారు. తల మాత్రం అదే ఎత్తులో ఉన్నట్టుండేది. రెండు చక్రాలూ ఒకేసారి నేలను తాకేవి. ఒకటే చప్పుడు. టప్. అంత పెద్ద సైకిలు, అంత ఎత్తు నుంచి, అంతే చప్పుడు! ఎవరు నేర్పారండీ అని అడిగితే నవ్వేవారు. వాళ్ల నాన్న ఊరూరా సైకిలు మీద చేపలు అమ్మేవాడట. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే ఆ చేపల తట్ట సైకిలు తీసుకుని గట్టు మీంచి రేవులోకి దిగేవారట. తట్ట ఒరిగితే ఇంట్లో వీపు విమానం మోతే. అలా వచ్చింది ఆ నేర్పు. ఏ వీడియో చూసీ రాలేదు.

మాకు ఆమె పెట్టిన నియమం ఒకటే. ఎవరైనా దిగే ముందు ఇంకొకరు కిందకు వెళ్లి, చక్రం పడే చోట మడమతో గట్టిగా మూడుసార్లు తొక్కి చూడాలి. తొక్కి, పైకి చెప్పాలి. పడవ వాళ్ల అలవాటట అది. గెడకర్ర గుచ్చి చూడకుండా ఒడ్డున కాలు పెట్టరట. ఎన్నిసార్లు దిగిన చోటైనా సరే, తొక్కి చూడందే ఆమె కదిలేవారు కాదు. మనిషికి ధైర్యం ఎంతుందో జాగ్రత్త అంతుంది. నేను ఆమెలో అన్నిటికంటే మెచ్చుకున్నది అదే, చివరికి నేను దెబ్బకొట్టిందీ దాని మీదనే.

ఆ ఏడాది వరద తీసి పది రోజులైంది. కార్తీకమాసం, సన్నగా మంచు. నడుమెత్తు డ్రాప్ ఒకటి ఉంది, దాని కింద చాలా మేర గట్టి ఇసక. తొక్కి చూసే వంతు నాది. పక్క దారిన సగం దాకా దిగాను. ఆ రోజు నా కాళ్లకు కొత్త బూట్లు. సైకిలు తొక్కేవాళ్లు వేసుకునేవి, తెల్లవి, ముందు రోజే పార్సిలొచ్చింది. వాటిని వాళ్లిద్దరికీ చూపించి గొప్పలు పోయి ఇంకా గంట కూడా కాలేదు. సగంలో ఆగి కిందకు చూశాను. డ్రాప్ అంచు కింద, సరిగ్గా చక్రం పడే చోట, మంచమంత మేర ఒండ్రు మేట వేసి ఉంది. పైన ఎండి, తెల్లగా, పాల మీద మీగడ కట్టినట్టుంది. పైనుంచి చూసేవాళ్లకు ఇసకలాగే ఉంటుంది.

పైనుంచి మేడం గొంతు. "తొక్కి చూశారాండి?"

"ఆయ్."

"గట్టిగానే ఉందాండి?"

"రాయిలా ఉందండీ, వచ్చేయండి!"

వచ్చేశారు. నన్ను నమ్మి వచ్చేశారు. ఎప్పటిలాగే, ఎంత అందంగా దిగారో! రెండు చక్రాలూ ఒకేసారి తాకాయి. కానీ చప్పుడు రాలేదు. ముందు చక్రం జానెడు లోతు దిగబడి అక్కడే నిలబడిపోయింది. ఆమె హ్యాండిల్ మీంచి ఎగిరి, ఒండ్రు దాటి, అవతల గట్టి ఇసక మీద భుజం ముందు తగిలేలా పడ్డారు. శ్రీను పైనుంచి కేకలు వేసుకుంటూ పరిగెత్తుకొచ్చి, ఆమెను చూసి, సైకిలు వైపు చూడకుండానే మళ్లీ అంతే పరుగున ఆటో కోసం పోయాడు. ఆమె కళ్లు మూసుకుని పళ్లు బిగించి ఉన్నారు.

ఆ నాలుగు నిమిషాల్లో నేనేం చేశానో చెప్పాలి. ఇక్కడే నా చెయ్యి ఆగిపోతోంది. ముందు ఆమె దగ్గరకే వెళ్లాను, మేడం మేడం అన్నాను, అది నిజం. తర్వాత వెనక్కి వెళ్లి సైకిలు పీకాను. చక్రం దిగిన గాడి కనబడుతోంది. దాన్ని నా బూటుతో పూడ్చాను. పైన ఇసక చల్లాను. టైరుకు అంటిన ఒండ్రును ఏట్లో కడిగాను. బూట్లు ఎటూ పాడయ్యాయి. శ్రీను ఆటో తెచ్చేసరికి అక్కడ ఏమీ లేదు.

బూట్లకు మరకలు అవుతాయని నేల చూడలేదు, అంతే కదా, మెత్తగా ఉంటుందని నాకేం తెలుసు? ఇలా అనుకుని చాలాకాలం నన్ను నేను ఓదార్చుకున్నాను. అబద్ధం. బురద ఉందని తెలియనివాడికి బూట్ల భయం ఎందుకు? లంక పొలాల్లో పుట్టి పెరిగినవాణ్ణి. వరద తీశాక మీగడ కట్టిన ఒండ్రు కింద ఏముంటుందో మా ఇంట్లో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. నాకు తెలుసు. తెలిసే వచ్చేయండన్నాను. ఏమీ కాదులే అనుకున్నాను. ఆమెకు ఏమీ కాదని, ఆమె అంతటి మనిషని. నా మెచ్చుకోలు కూడా నాకు సాకుగా పనికొచ్చింది, చూశారా?

ఆస్పత్రిలో కాలర్ బోన్ విరిగిందన్నారు. కట్టు కట్టాక నన్ను దగ్గరకు పిలిచి నెమ్మదిగా అడిగారు. "ఒక్క మాటండి. ఏమనుకోకండి. నేల గట్టిగానే ఉందాండి?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అడిగింది ఆమె, పక్కన ఇంకెవరూ లేరు. "గట్టిగానే ఉందండి," అన్నాను. అక్కడితో ఆగానా? "మీ బరువే కాస్త ముందుకు పడినట్టుంది మేడం."

"అదే అయ్యుంటదండి," అన్నారు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేలనెందుకు అనడం." నవ్వబోయి, నొప్పికి ఆగిపోయారు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. నేరుగా అదే చోటుకు. ఆ గుండె ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? కానీ అంచు దాటేటప్పుడు ఒంటిని వెనక్కి, బాగా వెనక్కి లాగేశారు. వెనక చక్రం ముందు తాకింది, ముందు చక్రం తర్వాత. టప్, టప్. ఆమె తనకు లేని తప్పును దిద్దుకున్నారు. ఎంత శ్రద్ధగా దిద్దుకున్నారంటే, పాత పద్ధతి మళ్లీ ఎప్పుడూ రాలేదు. చూసేవాళ్లకు ఇప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది. నేను మాత్రం ప్రతి ఆదివారం ఆ రెండు చప్పుళ్లూ వింటూ నిలబడ్డాను.

నాకు డ్రాప్ నేర్పింది ఆమే. ఆ ఏడాదే. మోకాలెత్తు దాని అంచున నేను గంటసేపు వణికాను. బ్రేకు వదలడానికి వేళ్లు ఒప్పుకోవు. ఆమె విసుక్కోలేదు. ఇంకా సరిగా పైకి లేవని చేత్తో, పక్క దారిన తానే కిందకు దిగారు. చక్రం పడే చోట మడమతో మూడుసార్లు తొక్కారు. నాకు నమ్మకం చాల్లేదనుకున్నారేమో, ఇంకో మూడుసార్లు తొక్కారు. "నేను చూశానండి, గట్టిగా ఉంది, మీరు రండి!" అని అరిచారు. వెళ్లాను. దిగాను. దిగి సైకిలు అక్కడే పడేసి ఏడ్చాను. భయం పోయి ఏడుస్తున్నాననుకుని వీపు తట్టారు.

తర్వాత తర్వాత బ్యాచ్ పెరిగింది. పదిమందిమి అయ్యాం, ఆడవాళ్లు కూడా చేరారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ మేడం తాను పడిన సంగతే మొదటి పాఠంగా చెప్పేవారు. భుజం దగ్గర ఎత్తుగా అతుక్కున్న ఎముక తడిమి చూపించి, ముందుకు వాలితే ఇదీ గతి అనేవారు. నేలను ఈయన చూసే చెప్పారు, తప్పు నాదే అనేవారు, నన్ను చూపించి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా భుజం మీదకు పోయేది. అందరితో పాటు టీ తాగేవాణ్ణి.

మొన్న ఆదివారం కోరుకొండ వైపు వెళ్లాం. గ్రావెల్ తవ్వేసిన గుట్ట ఒకటుంది, నడుమెత్తు డ్రాప్. కొత్తగా చేరిన నర్సమ్మాయి ఒకామె మొదటిసారి దిగింది. కదలకుండా, తల ఎత్తుకుని, రెండు చక్రాలూ కలిపి. టప్. ఏడేళ్లయింది ఆ చప్పుడు విని! చప్పట్లు కొట్టబోతున్నాను. ఇంతలో మేడం ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి, "బాగుందమ్మా, కానీ వెనక్కి జరగాలి. నేనూ అలాగే దిగి పడ్డాను," అన్నారు. ఆ అమ్మాయి సరే మేడం అని మళ్లీ ఎక్కింది. ఈసారి రెండు చప్పుళ్లు.

ఆమె నుంచి తీసుకున్నది చాలదా? ఇప్పుడు ఈ పిల్ల నుంచి కూడానా? అందరూ టీకి వెళుతుంటే మేడాన్ని ఆపాను. ఆపి, చెప్పాను. బూట్లూ, ఒండ్రూ, పూడ్చిన గాడీ, కడిగిన టైరూ, ఆస్పత్రిలో అన్న మాటా. మధ్యలో ఆగలేదు, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. ఆమె సైకిలు పట్టుకుని నిలబడి విన్నారు. తిడతారనుకున్నాను. చెయ్యి చేసుకుంటారేమో అని కూడా అనుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే.

"అంటే... నేను సరిగ్గానే దిగానాండి?"

"సరిగ్గానే దిగారు మేడం."

ఆమె నా వైపు చూడలేదు. సైకిలెక్కి, టీ దగ్గర ఆగకుండా, ఒక్కరే రోడ్డు వైపు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఫోను చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. వచ్చే ఆదివారం వస్తారో రారో తెలియదు. క్షమించమని నేను అడగలేదు, ఆ మాట అనే మొహం నాకు లేదు. అడిగినా క్షమించకపోవడమే న్యాయం అనిపిస్తుంది. కానీ ఆమె అడిగిన ఆ ప్రశ్నకు, ఏడేళ్ల తర్వాత మొదటిసారి, ఆమెకు నిజం చెప్పాను. ఇక దాన్ని నేను వెనక్కి తీసుకోలేను. నాకు అదే చాలు.