నీటిరంగుల్లో కలిసిపోయిన మచ్చలు

వినుకొండలో మా అన్నయ్య ఫొటో స్టూడియోకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో, ఫొటోని నీటిరంగుల బొమ్మలా మార్చడం నాకు నేనే నేర్చుకుంటున్నాను. మిరప కోతల రోజుల్లో ఒకావిడ వచ్చి, చనిపోయిన తల్లి ఫొటో నా చేతిలో పెట్టి, గోడకి తగిలించుకునేలా పెద్దది చేసిమ్మంది. ఉన్నది అదొక్కటే. పెద్దది చేస్తే ముఖం చెదిరిపోయింది. నీటిరంగుల్లోకి మార్చాక నున్నగా వచ్చింది కానీ, బుగ్గల మీది మశూచి మచ్చలు కూడా మాయమయ్యాయి. వేరెవరి ముఖమో చేసిపెట్టానేమోనని భయం పట్టుకుంది.

ఆవిడ మళ్లీ వచ్చింది. కంప్యూటర్ తెర మీది బొమ్మను వంగి చూసింది.

"మచ్చలేవి అమ్మాయ్?"

"రంగుల్లో కలిసిపోయాయండీ," అన్నాను.

"ఆ మచ్చలకి సిగ్గుపడే మా అమ్మ ఫొటో దిగేది కాదు. ఇది చూస్తే ఎంత మురిసిపోయేదో!" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే, "నాకు మాత్రం మచ్చలున్న అమ్మే కావాలి," అంది.

ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, పాత ఫొటో చూస్తూ మౌస్‌తో మచ్చలు దిద్దాను. పని అయ్యాక మొదటి బొమ్మ చెరిపేయబోతే ఆపింది.

"ఉండనీ. అది మా అమ్మకి," అని రెండూ ప్రింటు తీయించుకుని తీసుకెళ్లింది.