నా కంచలో ఆడనెమలి

నా మరిది చేతి వేళ్ళు రెండు నా కొడవలికే తెగాయి. నరికింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన పోయాక తొండుపల్లి పక్కనున్న రెండెకరాల కంచ నా పేరున పట్టా అయింది. రాళ్ళు, తంగేడు పొదలు, పశువులకు ఇంత గడ్డి. అంతకుమించి ఏమీ లేదు. ఊరి పక్కన విమానాశ్రయం కట్టి విమానాలు దిగడం మొదలైన రెండో ఏడాదికి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. నెమళ్ళు, కౌజు పిట్టలు, కుందేళ్ళు అన్నీ నా కంచకే చేరాయి. వాటికి గుడ్డు పెట్టుకునే చోటు, పిల్లను దాచుకునే చోటు ఇంకెక్కడా లేదు. అందుకే అమ్మనన్నాను. పక్క పొలాల ఆడవాళ్ళిద్దరు నాతో కలిశారు. వాళ్ళ గట్ల మీది పొదలు కూడా కొట్టకుండా వదిలేశారు. రోజూ పొద్దున్నే ముగ్గురం తిరిగి, ఎవరెవరో పన్నిన ఉచ్చులు పీకేవాళ్ళం.

ఉచ్చులంటే బండి క్లచ్ తీగలు. గట్టి తీగ, పారేయడానికి మనసు రాలేదు. ఇంటికి తెచ్చి చిక్కుడు పందిరికి కట్టాను.

ఆ రోజు నేనొక్కదాన్నే ముందు వెళ్ళాను. ఆడనెమలి కాలికి ఉచ్చు బిగిసి రెక్కలు కొట్టుకుంటోంది. తీగ ఎముక దాకా కోసింది. నా తువ్వాల దాని తలకు చుట్టాను. కళ్ళు మూస్తే కోడి ఊరుకుంటుంది కదా, అదీ అలాగే మెదలకుండా పడుకుంది. కొడవలి పక్కన పెట్టి ఉచ్చు విప్పుదామని వంగానో లేదో వీపున కట్టె దెబ్బ పడింది. చూస్తే మరిది.

"ఇడువు వదినె. గది నాది."

"నా కంచల నీదేందిరా?"

"మా అన్న సచ్చిండు గాబట్టి నీదైంది. అమ్మమంటె అమ్మవు, తిననియ్యవు. నెమళ్ళకు పెండ్లి చేస్తవా ఏంది?"

"చేస్త. నీకు చేసినం గద, గంతకన్న నయమే."

రెండో దెబ్బకు నా కుడి చేయి పుటుక్కున విరిగింది. మూడోసారి కట్టె లేపి పిట్ట తల మీదికి దించబోయాడు. ఎడమ చేత్తో కొడవలి అందుకుని, కట్టె పట్టిన వాడి వేళ్ళ మీద వేశాను. రక్తం నా మొహాన చిమ్మింది. వాడు నా జుట్టు పట్టి బండ మీద ఈడ్చాడు. నేను వాడి మణికట్టు కొరికి వదల్లేదు. కేకలకు జనం వచ్చి ఇద్దరినీ ఊళ్ళోకి లాక్కుపోయారు.

పంచాయితీ మా వాకిట్లోనే. మరిది గుడ్డ చుట్టిన చేయి ఎత్తి, "ఉచ్చులు వెట్టేది ఈమెనే. నేను ఇడిపియ్యబోతె నరికింది" అన్నాడు. ఊరి పెద్దమనిషి పెరట్లోకి తొంగిచూశాడు. పందిరి నిండా క్లచ్ తీగలు!

"గివేంది బిడ్డా?"

"పీకినయి, పటేలా."

"పీకినయి ఇంట్ల దాసుకుంటరా? కంచ మరిదికి రాసియ్యి. లేకుంటె ఫారెస్టోళ్ళకు పట్టిస్తం."

విరిగిన చేయి వేలాడుతుండగానే పందిరి కూలగొట్టాను. కాయలతో సహా తీగలన్నీ వాళ్ళ కాళ్ళ ముందు పడేశాను. నాతో తిరిగే ఇద్దరూ తమ దొడ్లకు కట్టుకున్నవి తెచ్చి కుప్ప పోశారు.

"తీస్కపోండ్రి ఇగ! ఏడ పన్నుతరో పన్నుండ్రి!" అని అరిచాను.

మరిది ఆగలేకపోయాడు. బాగున్న చేత్తో మూడు తీగలు ఏరుకున్నాడు. "ఎర్రగుడ్డ ముడేసినయి నాయి. మొన్ననే కొత్తయి కొన్న."

పెద్దమనిషి చెప్పు తీసి వాడి చెంప పగలగొట్టాడు. "నీయి ఈమె ఇంటికెట్ల వొచ్చినయిరా మరి?" కంచ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఎండ నడినెత్తికొచ్చింది. నన్ను దవాఖానకు ఆటో ఎక్కిస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది. నేను ఉచ్చు విప్పనేలేదు. ముగ్గురం పరుగెత్తాం.

నెమలి నేను పడుకోబెట్టిన చోటే ఉంది. కుక్కలు కడుపు చీల్చి సగం తినేశాయి. అవి వచ్చినప్పుడు అది చూడలేదు. చూడకుండా చేసింది నేనే. తువ్వాల విప్పితే కన్ను తెరిచే ఉంది.