కట్టెయ్యక్కర్లేని కుక్క

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ కింద, పార్కింగులో, ఒక అమ్మాయి నాలుగు కుక్కపిల్లలకి పరీక్ష పెట్టింది. మూడో అంతస్తు వాళ్ళ కుక్క పిల్లల్ని పెట్టింది. ఏ పిల్లని ఎవరింటికి పంపాలో తేల్చడానికి ఆ అమ్మాయిని ప్రత్యేకంగా పిలిపించారట. చేతిలో అట్టకి తగిలించిన కాగితం, మెడలో ఈల. ఒక్కో పిల్లనీ వెల్లకిలా తిప్పి గుండె మీద చెయ్యి ఆనించి చూసింది. తాళాల గుత్తి ధబ్బున నేల మీద పడేసి చూసింది. చివర్న గొడుగు ఠక్కున తెరిచి చూసింది. గొడుగు దగ్గరకి వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. "ఇది సైన్సు ఆంటీ, ఫారిన్లో ఇలాగే చూస్తారు" అంది కొంచెం చిన్నబుచ్చుకుని. "తెలుసమ్మా, బందర్లో కూడా ఇలాగే చూసేవారు" అన్నాను. నమ్మినట్టు లేదు. అందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు, మా మేనత్తని చూడలేదు కదా.

మేనత్త అంటే మా నాన్నకి చెల్లెలు. నాకు బందరులో టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇనగుదురుపేటలోని ఆవిడ పెంకుటింట్లోనే రెండేళ్ళు ఉన్నాను. ఆ ఇంటికి అసలు యజమానురాలు రాణి అనే ఊరకుక్క. ఒక వానాకాలం చూరు కింద తలదాచుకోవడానికి వచ్చి, వాన వెలిశాక వెళ్ళడం మర్చిపోయింది. ఏడాదికోసారి పిల్లల్ని పెట్టేది. అత్తయ్య ఆ పిల్లల్ని అడిగినవాళ్ళకి అడిగినట్టు ఇచ్చేది కాదు. "పిల్ల కావాలని వచ్చే ప్రతివాడూ తనకేం కావాలో చెప్తాడు. దీనికేం కావాలో ఒక్కడూ అడగడేం?" అనేది. అందుకని నెలన్నర దాటగానే ప్రతి పిల్లనీ పరీక్షించి, దాని గుణమేమిటో తేల్చుకుని, అప్పుడు ఇల్లు వెతికేది. ఆ రోజుల్లో నాకు పెళ్ళిచూపులు జోరుగా జరుగుతుండేవి. నన్ను చూడవచ్చిన వాళ్ళ గురించి కూడా అత్తయ్య అంత వాకబు చేయలేదని నాకు ఇప్పటికీ ఒక చిన్న కినుక ఉంది.

పరీక్షలు పరగడుపున, పెరట్లో, ఎండ ఎక్కకముందే జరగాలి. పాలు తాగిన పిల్ల అబద్ధం చెప్తుందని ఆవిడ సిద్ధాంతం. మొదట పిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యి ఆనించేది. కాసేపు గింజుకుని ఊరుకున్నది మంచిది, గింజుకుంటూనే ఉన్నది మొండిది, అసలు గింజుకోనిది పిరికిది. తర్వాత ఇత్తడి చెంబు గచ్చు మీద పడేసేది. పారిపోవడం తప్పు కాదు, పారిపోయి మళ్ళీ ఆ చెంబు సంగతేమిటో చూద్దామని వచ్చిందా లేదా అన్నది లెక్క. ఆఖరిది కొత్త మనిషి పరీక్ష. కొత్త మనిషి వేషం మా మావయ్యది. పాపం, కోర్టులో గుమాస్తా, పరువు గల మనిషి. నిండు వేసవిలో రెయిన్‌కోటు తొడుక్కుని, దొడ్డిదారిన లోపలికి వచ్చి, గొడుగు ఠక్కున తెరవాలి. "వాసన పట్టేస్తున్నాయే, నేనేనని వాటికి తెలిసిపోతోంది" అని చెమటలు కక్కుతూ మొత్తుకునేవాడు. "మాట్లాడకండి, మీరు కొత్తవారు" అనేది అత్తయ్య.

నేను చెప్పబోయే ఈత ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాదిది. నాలుగు పిల్లలు, నాలుగూ ఒకే గోధుమరంగు, ఒకే అచ్చులో తీసినట్టుండేవి. గుర్తు కోసం మెడలో దారాలు కడదామన్నాను. పక్కింట్లో కలంకారీ అద్దకం పని చేసే భాయిగారు ఉండేవారు. ఆయన దగ్గర ఎరుపు, నీలం, పసుపు, నలుపు నూలుపోగులు అడిగి తెచ్చాను. "ఇది ఇంకా ఉడకబెట్టని నూలు టీచరమ్మా. తడి తగిలితే రంగు నిలవదు, గుర్తుంచుకోండి" అని ఆయన మంచిగానే చెప్పారు. పరీక్షలయ్యాక అత్తయ్య తీర్పులు ఇచ్చేసింది. ఎర్రదారం మొండిది, దేనికీ జంకదు, గుడివాడలో రైసుమిల్లు నడిపే మా బావగారికి. పసుపుదారం ఓర్పు గలది, అవనిగడ్డలో ముగ్గురు చిన్నపిల్లలున్న స్నేహితురాలి ఇంటికి. నల్లదారం పిరికిది, చెంబు చప్పుడుకి తులసికోట వెనక్కి వెళ్ళి మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేం గనక ఇంట్లోనే ఉంటుంది. ఇక నీలిదారం. దాని గురించి ఆవిడ నాలుగు రోజులు అదనంగా ఆలోచించింది. ఎందుకంటే అది మా పెదనాన్న కోసం.

పెదనాన్న ఆవిడకి పెద్దన్నయ్య. కోడూరు అవతల పల్లెలో వ్యవసాయం. ఉప్పెన నాడు గాలి మొదలైనప్పుడు ఆయన కుక్క ఒకటే అరుస్తూ వీధిలోకి పరుగులు పెడుతుంటే, ఎక్కడ తప్పిపోతుందోనని గొడ్లసావిట్లో గుంజకి గొలుసుతో కట్టేశాడు. నీళ్ళు వచ్చినప్పుడు మా పెద్దమ్మనీ పిల్లల్నీ బడి డాబా మీదకి చేర్చేసరికి వెనక్కి వెళ్ళే దారి లేదు. ఇంట్లో మనుషులంతా బతికారు. ఆ ఊళ్ళో అది ఎంత అదృష్టమో ఆయనకి తెలుసు, అందుకే కుక్క కోసం ఏడవడానికి సిగ్గుపడ్డాడని పెద్దమ్మ చెప్పింది. కానీ ఆ తర్వాత ఆయన దేన్నీ కట్టడం మానేశాడు. రిలీఫులో వచ్చిన గేదెని కూడా కట్టకుండా వదిలేస్తే అది పక్కవాళ్ళ చేలన్నీ మేసి వచ్చేది. రోజుకో తగువు. ఎవరేమన్నా మాట్లాడకుండా వినేవాడు, మర్నాడు మళ్ళీ వదిలేసేవాడు. ఇంట్లో కుక్క మాట ఎత్తనిచ్చేవాడు కాదు.

"అన్నయ్యకి కట్టెయ్యక్కర్లేని కుక్క కావాలి" అంది అత్తయ్య. ఆ కుక్కని తేల్చడానికి ఇంకో పరీక్ష కనిపెట్టింది. పిల్లల్ని వీధి గుమ్మం దాటించి, పిలవకుండా, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోవడం. ఎర్రదారం ఎటో పోయింది. పసుపుదారం కూర్చుండిపోయింది. నల్లదారం గుమ్మమే దాటలేదు. నీలిదారం మాత్రం నాలుగడుగులు ముందుకి ఉరికి, ఆగి, ఆవిడ వస్తోందా లేదా అని వెనక్కి తిరిగి చూసింది. రెండు రోజులు చూసినా అదే చేసింది. అత్తయ్య ముఖం ఆ రోజు వెలిగిపోయింది. పెదనాన్న కళ్ళ డాక్టరు కోసం బందరు వస్తున్నాడని ఉత్తరం కూడా అప్పుడే వచ్చింది. ఏమీ చెప్పకుండా పిల్లని సంచిలో పెట్టి చేతికిచ్చేస్తే, అప్పుడు కాదనలేడని ఆవిడ పథకం.

ఆయన వచ్చే రోజు పొద్దున్న అత్తయ్య కూరల కోసం బజారుకి వెళ్ళింది. పిల్లలు చూడముచ్చటగా ఉండాలని నాకు బుద్ధి పుట్టింది. కుంకుడుకాయ రసంతో నాలుగింటికీ తలంటు పోశాను. భాయిగారి మాట గుర్తొచ్చేసరికి నా చేతులు ఊదారంగులో ఉన్నాయి. నాలుగు మెడల్లో నాలుగు దారాలూ కాలవ నీళ్ళ రంగుకి వచ్చేశాయి. ఏది ఏదో రాణికి తెలిసే ఉంటుంది, కానీ అది చెప్పదు.

అత్తయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అనిపించింది. కూరల సంచి అరుగు మీద పెట్టి, చెంబు తెచ్చి, పరీక్ష మళ్ళీ మొదలుపెట్టింది. అయితే స్నానం చేసిన పిల్లలకి అప్పటికే నేను పాలు కూడా పోసి ఉన్నాను. చెంబు పడేస్తే నాలుగూ వచ్చి చెంబుని నాకాయి. వెల్లకిలా పడుకోబెడితే నాలుగూ నిద్రపోయాయి. మావయ్య కోర్టుకి వెళ్ళబోతూ చొక్కా విప్పి రెయిన్‌కోటు వేసుకుని గొడుగు తెరిస్తే, నాలుగూ గొడుగు కిందకి చేరాయి. "నీడ బాగుందేమోనే" అన్నాడు మావయ్య. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పదకొండింటికి పెదనాన్న వచ్చాడు. కళ్ళలో మందు వేయించుకుని, భోంచేసి, సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాడు. పిల్లలు కాళ్ళ దగ్గర ఆడుతుంటే కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. వాటివైపు ఒక్కసారి కూడా చూడలేదు. వంటింట్లో నేను అత్తయ్యని బతిమాలాను. ఏదో ఒకటి ఇచ్చేయండి, నాలుగూ బంగారాలే కదా అన్నాను. "కుదరదే. తిరుగుబోతు పిల్ల వెళ్ళిందనుకో, నాలుగు రోజులకి తప్పిపోతుంది. అన్నయ్య ఇంకోసారి తట్టుకోలేడు. తెలియని కుక్కని అన్నయ్య చేతిలో పెట్టను" అంది. అన్నయ్య కోసం నెల రోజులు ఎదురుచూసిన మనిషి, ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి లడ్డూలు పొట్లం కట్టడం మొదలుపెట్టింది. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకోటి లేదు.

సాయంత్రం బస్సుకి సంచి పట్టుకుని నేనే ఆయనని దిగబెట్టడానికి బయల్దేరాను. సందు మలుపు తిరిగాక చూస్తే ఒక కుక్కపిల్ల మా వెనకాలే వస్తోంది. నేను అదిలించబోయేలోగా అది మమ్మల్ని దాటి నాలుగడుగులు ముందుకి ఉరికి, ఆగి, వెనక్కి తిరిగి పెదనాన్న వైపు చూసింది. అదిలించడానికి ఎత్తిన చెయ్యి దించేశాను. "పో" అన్నాడాయన. కూర్చుంది. ఆయన నడిస్తే నడిచింది. బస్టాండు కనిపించే దాకా అదే వరస. అక్కడ ఆయన ఆగాడు.

"మీ అత్తయ్య పంపించిందా దీన్ని నా వెనకాల?"

"లేదు పెదనాన్నా. అసలు ఇవ్వనే ఇవ్వనంది. దీని గుణమేమిటో తెలియదట. తెలియని కుక్కని మీకివ్వదట."

ఆయన నెమ్మదిగా, "నీళ్ళలో పోయింది నాకు బాగా తెలిసిన కుక్కేనమ్మా. నన్ను నమ్మి, కట్టేస్తే కట్టించుకుంది" అన్నాడు. ఆ మాట ఆయన నోట అప్పుడే విన్నాను, మళ్ళీ ఎప్పుడూ వినలేదు. కిందకి వంగి పిల్ల మెడ మీద చెయ్యి వేశాడు. వేలికి దారం తగిలింది. మందు వేసిన కళ్ళకి ఆనక, చేత్తోనే తడుముకుని, ముడి విప్పి, దారాన్ని నా అరచేతిలో పెట్టాడు. "ఇది కూడా వద్దు" అన్నాడు. పిల్లని ఎత్తి లడ్డూల సంచిలో తల బయటికి ఉండేలా కూర్చోబెట్టాడు. "ఏంటండీ అది సంచిలో?" అన్నాడు కండక్టరు. "మావాడేనండి" అన్నాడు పెదనాన్న. బస్సు కదిలాక కిటికీలో రెండు తలలు కనిపించాయి. నేను బస్టాండులో నిలబడి, ఉద్యోగం చేసే దాన్నన్న సంగతి కూడా మర్చిపోయి, హాయిగా ఏడ్చాను.

ఇంటికి వచ్చి దారాన్ని దీపం దగ్గర పెట్టి చూశాను. పైకంతా వెలిసిపోయింది గానీ, ముడి ఉన్న చోట, నీళ్ళు చేరని మడతలో, అసలు రంగు కాస్త మిగిలి ఉంది. నలుపు. గుమ్మమే దాటదనుకున్న పిరికిపిల్ల. పరుగెత్తుకెళ్ళి అత్తయ్యకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. "నీలమే. నీలం వెలిస్తే అలాగే నల్లగా కనిపిస్తుంది. నేను చెప్పిన పిల్లే వెళ్ళింది" అని కళ్ళజోడు తీసి పెట్టేసింది. ఇక ఆ విషయంలో అప్పీలు లేదు. కోర్టులో పనిచేసే మావయ్య కూడా ఆ మాటే అన్నాడు.

మిగతా పిల్లల్ని కూడా ఆవిడ అంతే ధీమాగా పంచేసింది. గుడివాడ మిల్లుకి మొండిది అనుకుని పంపినది తవుడు బస్తాల మీద నిద్రపోతూ, వచ్చిపోయే ప్రతి బండివాడి చేతా తల నిమిరించుకునేదట. అవనిగడ్డకి ఓర్పు గలది అనుకుని పంపినది ఆ ముగ్గురు పిల్లలకీ కాపలా కాస్తూ, సొంత మేనమామనే గుమ్మంలో అరగంట నిలబెట్టిందట. మా ఇంట్లో మిగిలినది పిరికిది కాదని, మావయ్య కొత్త చెప్పులు పోయిన నాడే అందరికీ అర్థమైంది. అత్తయ్య మాత్రం తన తీర్పుల్లో ఒక్కటీ తప్పిందని ఒప్పుకోలేదు.

నెలకి కోడూరు నుంచి కార్డు వచ్చింది. పెదనాన్న ఉత్తరాలు ఎప్పుడూ పొదుపే. "చెల్లెమ్మకి. మేమంతా క్షేమం. లడ్డూలు అవనిగడ్డ దాటకముందే అయిపోయాయి, నేను తినలేదు. గేదెని కట్టేస్తున్నాను. కుక్కని కట్టలేదు." అత్తయ్య ఆ కార్డు చదివి, మళ్ళీ చదివి, భాయిగారి గోడ దగ్గరకి వెళ్ళి ఆయనకీ చదివి వినిపించింది. ఆ కుక్క పదమూడేళ్ళు బతికింది. గాలి ఎక్కువగా వేసిన రోజుల్లో పెదనాన్న తలుపు తీసి పెట్టేవాడట. అది ఒకసారి బయటికి వెళ్ళి, ఊరంతా చూసి, వెనక్కి వచ్చి ఆయన మంచం కింద పడుకునేదట.

ఆదివారం ఆ అమ్మాయి పరీక్షలు ముగించి వెళ్ళాక, పైకి వచ్చి నా పాత నగల పెట్టెలో ఆ దారం కోసం వెతికాను. ఉంది. కిటికీ వెలుతురులో పట్టుకుని ముడి పడిన చోట చూశాను. ఆ నలుపు కూడా వెలిసి వెలిసి, నమ్మండి, కొంచెం నీలంగా కనిపించింది. కళ్ళద్దాలు తీసి చూస్తే ఇంకా నీలంగా ఉంది. అత్తయ్య మాట తప్పలేదు, కాలమే నిజం చేయడానికి నలభై ఏళ్ళు తీసుకుంది.