మామయ్య నెత్తిన వేసుకున్న ఫౌల్

మా మామయ్య భీమశంకర్ గారు జనగామలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారు. చుట్టుపక్కల కబడ్డీ పోటీ ఎక్కడ జరిగినా విజిల్ ఆయన మెడలోనే ఉండేది. స్కూల్ ఫైనల్లో కన్నకూతురు, అంటే నా భార్య స్రవంతి, గీత దాటితే మొహమాటం లేకుండా అవుట్ ఇచ్చేశారట. ఆ కోపం ఆవిడకి ఇప్పటికీ పోలేదు.

అలాంటి మనిషి ఆరు నెలలు ఉండడానికి డబ్లిన్‌లో మా ఇంటికి వచ్చారు. కారు నడపరాదు, పగలంతా పలకరించే దిక్కు లేదు. నెల తిరక్కుండానే విసిగిపోయారు. ఒక శనివారం మా గోల్ఫ్‌కి నాలుగో మనిషి తక్కువైతే వెంట తీసుకెళ్లాను. అంతే, మనిషి మారిపోయారు. శుక్రవారం సాయంత్రం నుంచే ఇంట్లో కూనిరాగాలు తీస్తూ తిరిగేవారు. ఆ నాలుగు గంటల కోసమే మిగతా వారమంతా గడిపేవారంటే అబద్ధం కాదు.

మేం ఆడేది స్క్రాంబుల్. ఇద్దరిద్దరు ఒక జట్టు. ఇద్దరూ కొడతారు, ఎవరి బంతి మంచి చోట పడితే ఇద్దరూ అక్కడి నుంచే మళ్లీ కొడతారు. కొత్తవాళ్లు కూడా నవ్వుతూ ఆడుకోవచ్చు. మామయ్య బంతి దూరం పోదు కానీ తిన్నగా పోతుంది. నాది దూరం పోతుంది, ఎటు పోతుందో నాకే తెలీదు. అవతలి జట్టు మా మేనేజర్ మానవ్, అతని పక్కింటి శ్రీహర్ష.

మరో శనివారం చివరి హోల్ దాకా సమానంగా వచ్చాం. అక్కడ మామయ్య బంతి నీళ్లలో పడింది. నాది యూకలిప్టస్ చెట్టు వెనక వేళ్ల మధ్య ఇరుక్కుంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరనుకుని బూటుతో రెండడుగులు పక్కకి, గడ్డి మీదికి తోశాను. తల తిప్పితే మామయ్య నిలబడి ఉన్నారు. అంతా చూశారు.

ఈలోగా మానవ్ వచ్చాడు. "ఇందాక చెట్టు వెనక కదా పడింది, ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు.

సోమవారం ఈ మనిషి ముందే కూర్చోవాలి, దొంగాట ఆడేవాడన్న పేరుతో ఎలా కూర్చోను? నా బుర్రలో తిరిగింది అదొక్కటే.

"నేనే కాలుతోని జరిపిన సార్. రూల్ తెల్వదు నాకు" అన్నారు మామయ్య.

"ఇట్స్ ఓకే అంకుల్" అని మానవ్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఛీ, ఆ నవ్వు గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఇంటికొచ్చే దారిలో ఆయన నన్ను తప్పుపట్టలేదు. నేనూ క్షమించమని అడగలేదు.

బుధవారం వాట్సాప్ గ్రూపులో మానవ్ మెసేజ్ పెట్టాడు. అంకుల్‌కి రూల్స్ తెలీవు కాబట్టి ఈసారి ఆయన బదులు మా ఆఫీసులో పనిచేసే ఫణిని పిలుద్దామన్నాడు. నిజం చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను బొటనవేలు బొమ్మ నొక్కి ఊరుకున్నాను.

శనివారం పొద్దున మామయ్య టోపీ పెట్టుకుని, బూట్లు వేసుకుని వంటింట్లో సిద్ధంగా కూర్చున్నారు.

"ఈ వారం ఆట లేదు మామయ్యా. నాకు ఆఫీస్‌లో పనుంది" అన్నాను.

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. "నా తప్పుకు నిన్ను గూడ తీసేసిన్రా? సార్‌కు ఫోన్ కలుపు. మా అల్లుడు తేజేశ్వర్‌ది ఏం తప్పు లేదని మల్లొకసారి చెప్త."

"అదేం లేదు మామయ్యా" అంటుండగానే బల్ల మీద నా ఫోన్ మోగింది. తెర మీద మానవ్ పేరు చూసి ఆయనే సంబరంగా స్పీకర్ నొక్కారు.

"తేజా, ఎక్కడున్నావ్? ఫణి కూడా వచ్చేశాడు, నీకోసమే వెయిటింగ్" అన్నాడు మానవ్.

మామయ్య ఫోన్ నా చేతిలో పెట్టారు. నా ముఖంలోకి చూడలేదు. వంగి బూట్ల లేసులు విప్పుకోసాగారు.

"పో, ఆలస్యమైతది" అన్నారు.

సిగ్గులేనివాణ్ణి, వెళ్లాను.